తాళం పగలగొట్టినవాడూ, లెక్కలు తారుమారు చేసినవాడూ

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహం చుట్టూ తిరుగుతున్నాయి. అందువల్ల ఈసారి వీలునామాలు, ఆస్తి పంపకాల ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, దొంగతనం కేసుల్లోనూ ఆర్థిక మోసాల కేసుల్లోనూ మన న్యాయవ్యవస్థ నడిచే తీరు అన్న ఒక్క అంశానికే ఈ శీర్షికను కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా వీధిలో ఉండే 19 ఏళ్ల కుర్రాడు మోటార్‌సైకిళ్ల దొంగతనం కేసుల్లో అయిదు నెలలుగా జైల్లో ఉన్నాడు. అదే వీధిలో చీటీల పేరుతో ఎన్నో కుటుంబాల సొమ్ము ఎగ్గొట్టిన పెద్దమనిషి మాత్రం ఒక్క రాత్రి కూడా లోపల గడపకుండా ముందస్తు బెయిలు తెచ్చుకుని తిరుగుతున్నారు. చట్టం అందరికీ ఒకటే అని ఎలా నమ్మాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ఆవేదన సబబైనదే. అయితే తేడా ఎక్కడ పుడుతున్నదో సరిగ్గా పట్టుకోవాలి. దొంగకు పెద్ద శిక్ష, మోసగాడికి చిన్న శిక్ష అని చట్టంలో రాసి ఉందని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఫిర్యాదు అందిన రోజు నుంచి తీర్పు వెలువడే రోజు దాకా గడిచే కాలంలోనే ఇద్దరి దారులూ వేరైపోతున్నాయి.

ముందు శిక్షల సంగతి చూద్దాం. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం మామూలు దొంగతనానికి (సెక్షన్ 303) గరిష్ఠ శిక్ష మూడేళ్లు. మోసం చేసి సొమ్ము రాబట్టుకోవడానికి, అంటే అందరికీ తెలిసిన పాత 420కి, ఇప్పటి సెక్షన్ 318(4) కింద ఏడేళ్లు. బ్యాంకరుగానో ఏజెంటుగానో నమ్మి అప్పగించిన సొమ్మును కాజేస్తే పాత 409, ఇప్పటి 316(5) కింద యావజ్జీవం దాకా వేయవచ్చు. ఇంతవరకు చూస్తే మోసగాడి మీదే బరువు ఎక్కువ. కానీ రాత్రివేళ తాళం పగలగొట్టి ఇంట్లో దూరి దొంగతనానికి పాల్పడితే సెక్షన్ 331(4) కింద పద్నాలుగేళ్ల దాకా శిక్ష ఉంది. మోసానికి అలాంటి మెట్లు లేవు. అయిదు వేలు కాజేసినా, అయిదు వేల కోట్లు కాజేసినా 318(4)లో గరిష్ఠం ఆ ఏడేళ్లే. నడిరాత్రి ఇంట్లో అపరిచితుణ్ని చూసినవారికి కలిగే భయాన్ని పోయిన సొత్తు విలువతో కొలవలేం కనుక ఆ పద్నాలుగేళ్లకు ఒక కారణం ఉంది. అయితే కూతురి పెళ్లికి దాచుకున్న చీటీ డబ్బు మునిగిపోయిన ఇంట్లో కమ్ముకునే భయాన్ని కొలిచే సెక్షన్ మాత్రం ఎక్కడా లేదు.

ఇక కేసు నడిచే తీరు. దొంగతనం కేసులో ఎఫ్‌ఐఆర్ సాధారణంగా ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అనే మాటతో మొదలవుతుంది. నిందితుడెవరో పోలీసులకు తెలిసేదీ, తన మీద కేసు ఉందని నిందితుడికి తెలిసేదీ దాదాపు ఒకే రోజున. ఆ మరునాటికి అతను రిమాండ్‌లో ఉంటాడు. ముందస్తు బెయిలు అడిగే వ్యవధే అతనికి ఉండదు. మోసం కేసులో అలా కాదు. ఫిర్యాదులోనే పేరు, చిరునామా ఉంటాయి. పైగా లలితా కుమారి కేసులో 2013 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పోలీసులు కోర్టు అనుమతి లేకుండానే దర్యాప్తు చేయదగిన (కాగ్నిజబుల్) నేరం జరిగినట్టు ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అంటూనే, వాణిజ్యపరమైన వివాదాల్లో ముందుగా ప్రాథమిక విచారణ జరపడానికి వీలు కల్పించింది. ఆ వెసులుబాటుకు న్యాయమైన కారణం ఉంది, ఎందుకంటే అప్పు తీర్చలేనివారందరి మీదా క్రిమినల్ కేసులు పెట్టించే దురలవాటు మన దగ్గర తక్కువేమీ కాదు. కానీ ‘ఇది సివిల్ తగాదా, కోర్టుకు వెళ్లండి’ అని స్టేషన్‌లో చెప్పి పంపడానికీ, ఆ లోగా అవతలి వ్యక్తి న్యాయవాదిని పెట్టుకుని, ఆస్తులను బంధువుల పేరిట మార్చుకోవడానికీ ఆ వ్యవధే ఉపయోగపడుతున్నది.

అరెస్టు విషయంలో కూడా ఇదే కథ. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టును అలవాటుగా చేయకూడదనీ, ముందు నోటీసు ఇవ్వాలనీ 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. ఆ రక్షణ దొంగతనం కేసుకూ వర్తిస్తుంది, మోసం కేసుకూ వర్తిస్తుంది. అయితే నిందితుడు పారిపోతాడా, మళ్లీ నేరం చేస్తాడా అన్న ప్రశ్నకు జవాబు దేన్ని బట్టి చెబుతారు? సొంత ఇల్లు, ఆదాయపు పన్ను కాగితాలు, ఊళ్లో పరపతి ఉన్నవారు ఎక్కడికీ పోరని చెప్పడానికి అవే రుజువులు. అద్దె గదిలో ఉంటూ పని దొరికిన ఊరికల్లా వెళ్లే కూలీకి ఆ పేదరికమే ఎదురు సాక్ష్యం. పైగా దొంగతనం కేసులో సొత్తు రికవరీ కావాలంటే మనిషి చేతిలో ఉండాలని పోలీసులు అంటారు. మోసం కేసులో కావలసింది కాగితాలు కాబట్టి మనిషి బయట ఉన్నా ఫరవాలేదనుకుంటారు.

మీరు ‘కేసుల్లో’ అని బహువచనంలో రాశారు. అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం. ఒక స్టేషన్ కేసులో బెయిలు వచ్చేసరికి మరో స్టేషన్ వారు పీటీ వారెంట్ (జైల్లో ఉన్నవారిని వేరే కేసులో హాజరుపరచమనే కోర్టు ఉత్తర్వు) మీద తీసుకెళ్లి తమ కేసులో చూపించడం, అది ముగిసేసరికి మూడో స్టేషన్ వంతు రావడం దొంగతనం కేసుల్లో మామూలు వ్యవహారం. క్రిమినల్ కేసులు నడిచే పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 479 ప్రకారం, గతంలో ఎన్నడూ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే అతణ్ని విడుదల చేయాలి. పాత కేసులకు కూడా ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వినడానికి బాగుంది. కానీ అదే సెక్షన్ రెండో ఉపసెక్షన్, ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉన్నవారికి ఈ సౌకర్యం వర్తించదంటున్నది. రెండు బళ్లు, రెండు ఎఫ్‌ఐఆర్‌లు అయితే చాలు, తలుపు మూసుకున్నట్టే. వందల మంది ఫిర్యాదుదారులున్న మోసం కేసును మాత్రం తరచుగా ఒకే ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేస్తారు. ఈ ఉపసెక్షన్‌ను పార్లమెంటు తిరిగి పరిశీలించవలసిన అవసరం ఎంతైనా ఉందని నా అభిప్రాయం.

రుజువు సంగతి కూడా చెప్పాలి. దొంగిలించిన వస్తువు కొద్దికాలంలోనే ఎవరి దగ్గర దొరికితే, సరైన వివరణ ఇవ్వనంతవరకు, అతడే దొంగ అనో తెలిసే దొంగసొత్తు తీసుకున్నాడనో కోర్టు ఊహించుకోవచ్చునని సాక్ష్య చట్టం చెబుతుంది. మోసం కేసులో అలాంటి ఊహకు తావు లేదు. చీటీ మొదలుపెట్టిన రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని ప్రాసిక్యూషన్ నిరూపించాలి. వ్యాపారం దెబ్బతిని ఇవ్వలేకపోయానంటే కొట్టిపారేయడానికి లెక్కల పుస్తకాలు చదవగలిగిన దర్యాప్తు అధికారి కావాలి. బందోబస్తు నుంచి ప్రమాద కేసుల దాకా అన్నీ చూసుకునే ఎస్సై నుంచి ఆ పని ఆశించడం అన్యాయమే.

2022 చివరినాటి జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం దేశంలోని 5.73 లక్షల మంది ఖైదీల్లో 4.34 లక్షల మంది ఇంకా తీర్పు రానివారే. మీ వీధి కుర్రాడు కూడా అలాంటివారిలో ఒకడు.

ప్రశ్న: సత్యం కంప్యూటర్స్ కేసులో పెద్దలకు శిక్ష పడింది కదా. అలాంటప్పుడు వైట్‌కాలర్ నేరస్తులు తప్పించుకుంటారనడం అతిశయోక్తి కాదా?
– ఉద్యోగ విరమణ చేసిన బ్యాంకు అధికారి, హైదరాబాద్

జవాబు: మీరు ఎత్తిచూపిన ఉదాహరణ విలువైనది, ఎందుకంటే అది రెండు వాదాలకూ పూర్తిగా లొంగదు. 2009 జనవరి 7న సత్యం అధిపతి రామలింగరాజు తమ కంపెనీ లెక్కల్లో ఏడు వేల కోట్ల రూపాయలకు పైబడిన తారుమారు జరిగిందని లేఖ రాశారు. రెండు రోజుల్లో అరెస్టయ్యారు. 2010 ఆగస్టులో హైకోర్టు బెయిలిస్తే అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసి లొంగిపొమ్మన్నది. 2011 నవంబరులో మళ్లీ బెయిలు దొరికేసరికి ఆయన రెండున్నరేళ్ల దాకా నిర్బంధంలో గడిపారు. కాబట్టి పెద్దవాళ్లను ఎప్పుడూ లోపల పెట్టరనే మాట ఈ కేసు వరకు చెల్లదు.

కానీ తర్వాత జరిగింది కూడా చూడాలి. స్వయంగా ఒప్పుకుంటూ లేఖ రాసిన కేసులోనే ప్రత్యేక కోర్టు తీర్పు రావడానికి ఆరేళ్లకు పైగా పట్టింది. 226 మంది సాక్షులు, మూడు వేలకు పైగా పత్రాలు. 2015 ఏప్రిల్ 9న రాజుతో సహా పదిమందికి ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష పడింది. రాజుకూ, ఆయన సోదరుడికీ అయిదేసి కోట్ల జరిమానా కూడా విధించారు. మే 11న మెట్రోపాలిటన్ సెషన్స్ కోర్టు అప్పీలు తేలేవరకు ఆ శిక్షను నిలిపివేసి బెయిలు మంజూరు చేసింది. అంటే తీర్పు వచ్చాక లోపల ఉన్నది సుమారు ఒక నెల. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏమీ లేదు. అప్పీలు పెండింగ్‌లో ఉండగా శిక్షను నిలిపివేసే అధికారం పై కోర్టుకు ఉంది, ఆ హక్కు దొంగతనం కేసులో శిక్ష పడినవారికీ ఉంది. అయితే దొంగతనం నిందితుడికి తీర్పు వచ్చేనాటికి రిమాండ్‌లో గడిపిన కాలాన్ని మినహాయిస్తే చాలాసార్లు శిక్షే మిగలదు. జైల్లో జరిగే లోక్ అదాలత్‌లో నేరం ఒప్పుకుంటే ‘ఇప్పటికే అనుభవించిన కాలం’ శిక్షగా వేసి పంపేస్తారు. నేరం చేశాడో లేదో ఎవరూ తేల్చరు, అతనూ అప్పీలుకు వెళ్లడు, కానీ పోలీసు రికార్డులో శిక్ష పడినట్టుగా నమోదవుతుంది. తర్వాతి కేసులో ఆ నమోదే అతనికి బెయిలు రాకుండా అడ్డుపడుతుంది. నా దృష్టిలో రెండు రకాల కేసుల మధ్య అసలైన అసమానత ఇదే: ఒకరి విషయంలో తీర్పుకు ముందే శిక్ష అయిపోతున్నది, మరొకరి విషయంలో తీర్పు తర్వాత కూడా శిక్ష నిలిచిపోతున్నది.

సత్యం ఉదంతం తర్వాత చట్టం కొంత మారిన మాట వాస్తవం. 2013 కంపెనీల చట్టంలోని సెక్షన్ 447 కార్పొరేట్ మోసాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించి పదేళ్ల దాకా శిక్షను, ప్రజాప్రయోజనం ముడిపడి ఉన్నప్పుడు కనీసం మూడేళ్లను నిర్దేశించింది. దాని కింద బెయిలు దొరకడం కూడా కష్టమైంది. మరోవైపు 2023 జన్ విశ్వాస్ చట్టం 42 కేంద్ర చట్టాల్లోని 183 నిబంధనల్లో జైలుశిక్షలను తొలగించింది లేదా తగ్గించింది. వాటిలో అధిక భాగం రిటర్నులు, రిజిస్టర్ల వంటి చిన్న లోపాలకు సంబంధించినవే కనుక నేను దాన్ని తప్పుపట్టను. చిన్న తప్పుకు జైలెందుకు అన్న ఆ ఉదారత దొంగతనాల దగ్గరికి వచ్చేసరికి ఎంత పిసినారిగా మారిందో తర్వాతి ప్రశ్నకు జవాబులో చెబుతాను.

ప్రశ్న: కాజేసిన డబ్బు తిరిగి కట్టేస్తే కేసు పోతుందంటారు, నిజమేనా? మరి దొంగకు ఆ అవకాశం లేదా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చట్టప్రకారం దొంగకే ఎక్కువ అవకాశం ఉంది! సొత్తు యజమాని ఒప్పుకుంటే సాధారణ దొంగతనం కేసును కోర్టు అనుమతి అవసరం లేకుండానే రాజీ చేసుకోవచ్చు. 420 వంటి కేసులో రాజీకి కోర్టు అనుమతి తప్పనిసరి. కొత్త సంహితలో మరో వెసులుబాటు కూడా చేర్చారు: దొంగిలించిన సొత్తు విలువ అయిదు వేల రూపాయల లోపు ఉండి, మొదటిసారి శిక్ష పడుతున్నవాడు ఆ సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే జైలుకు బదులు సమాజసేవ విధిస్తారు. ఇది మంచి ఆలోచనే. కానీ ఈ రోజుల్లో అయిదు వేల లోపు విలువ చేసే సెల్‌ఫోన్ ఎన్ని జేబుల్లో ఉంటుంది? పైగా అదే సంహితలోని సెక్షన్ 112, ముఠాగా కలిసి జేబులు కొట్టినా, గొలుసులు లాగినా ‘చిన్నతరహా వ్యవస్థీకృత నేరం’ అంటూ కనీసం ఏడాది జైలు తప్పనిసరి చేసింది. మోసం సెక్షన్‌లో కనీస శిక్ష అనేదే లేదు.

ఆచరణలో దొంగ తనంతట తాను సొత్తు తిరిగి ఇచ్చే సందర్భమే రాదు. దాన్ని పోలీసులు పంచనామా రాసి స్వాధీనం చేసుకుంటారు, యజమాని కోర్టులో పిటిషన్ వేసుకుని తెచ్చుకుంటాడు. అది పోలీసుల రికవరీగా లెక్కకొస్తుంది తప్ప నిందితుడి ఖాతాలో పశ్చాత్తాపంగా జమ కాదు.

పెద్ద కేసుల్లో డబ్బు కట్టడం ఒక సంప్రదింపుగా సాగుతుంది. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర, తప్పు ఒప్పుకోకుండానే, కాదనకుండానే సొమ్ము చెల్లించి వివాదం ముగించుకునే సెటిల్‌మెంట్ పద్ధతి ఉంది. సహారా సంస్థల అధిపతి సుబ్రతా రాయ్‌ని మదుపరుల సొమ్ము చెల్లింపు ఆదేశాలు పాటించనందుకు 2014 మార్చిలో తీహార్ జైలుకు పంపిన సుప్రీంకోర్టే, హోటళ్లు అమ్మి డబ్బు తేవడానికి వీలుగా జైలు ఆవరణలోనే సమావేశ మందిరాన్ని, వీడియో కాన్ఫరెన్స్ సదుపాయాన్ని అనుమతించింది. మదుపరుల కోణంలో చూస్తే అది అర్థం చేసుకోదగినదే. ఖైదీని శిక్షించడం కంటే డబ్బు రావడమే వారికి ముఖ్యం. అయినా ఎంత ఎక్కువ మందికి బాకీపడితే కోర్టు అంత ఓపికగా వినవలసి వస్తుందన్న నిజం మింగుడు పడదు.

డబ్బు నిజంగా తిరిగి వస్తుందా అంటే, అందరికీ ఒకేలా రాదు. విజయ్ మాల్యా ఆస్తుల నుంచి రూ.14,131 కోట్లు ప్రభుత్వరంగ బ్యాంకులకు చేరాయని 2024 డిసెంబరులో ఆర్థికమంత్రి పార్లమెంటులో చెప్పారు. విజయవాడ కేంద్రంగా డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్‌లో సుమారు 32 లక్షల మంది సొమ్ము చిక్కుకుంటే, చిన్న డిపాజిటర్లకు 2019లోనూ 2021లోనూ చెల్లించింది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, తన ఖజానా నుంచి. అంటే పన్ను కట్టేవారి సొమ్ముతో.

ప్రశ్న: తెలంగాణలో వైట్‌కాలర్ నేరస్తుల మీద కూడా పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) పెడుతున్నారు. ఇదే సరైన సమానత్వం కాదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కాదు. 1986 నాటి ఆ చట్టం బందిపోట్లు, గూండాలు, భూకబ్జాదారుల వంటివారిని విచారణ లేకుండా ఏడాది దాకా నిర్బంధించడానికి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2018లో దాన్ని సవరించి సైబర్ నేరస్తులను, నకిలీ విత్తనాలవారిని, ‘వైట్‌కాలర్ లేదా ఆర్థిక నేరస్తుల’ను కూడా చేర్చింది. షేర్లలో పెట్టుబడి పేరుతో మోసం చేశాడన్న ఆరోపణపై నిర్బంధించిన ఒకరి విషయంలో 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. శాంతిభద్రతల సమస్య వేరు, ప్రజాజీవనాన్ని అల్లకల్లోలం చేసే స్థితి వేరు అని వివరించి, బెయిలు నచ్చకపోతే దాన్ని రద్దు చేయమని కోర్టునే అడగాలని చెప్పింది. 2024 మార్చిలో గొలుసు దొంగతనాల కేసులో గూండా పేరిట జారీ అయిన ఉత్తర్వునూ అదే తర్కంతో రద్దు చేసింది. దొంగ విషయంలో తప్పుగా వాడుతున్న అధికారాన్ని మోసగాడి మీద కూడా తప్పుగా వాడితే అది సమానత్వం అనిపించుకోదు.

బెయిలు విషయంలో సుప్రీంకోర్టులోనే రెండు ధోరణులున్నాయి. 2జీ కేసులో 2011లో, నేరం ఎంత తీవ్రమైనదైనా విచారణకు ముందు నిర్బంధం శిక్షగా మారకూడదన్నది. 2013 మేలో జగన్మోహన్ రెడ్డి బెయిలు పిటిషన్‌ను తోసిపుచ్చుతూ, ఆర్థిక నేరాలు ఒక ప్రత్యేక తరగతికి చెందినవని, వాటిని వేరే దృష్టితో చూడాలని అన్నది. నాకు మొదటి మాటే సరైనదనిపిస్తుంది, అది జేబుదొంగకు కూడా వర్తింపజేస్తేనే.

ప్రశ్న: మా ఇంట్లో ఎవరికీ శిక్ష పడలేదు. అయినా మా నాన్న పేరిట ఉన్న హిస్టరీ షీటు (నిఘా కోసం పోలీసులు తెరిచే రికార్డు) వల్ల ఊళ్లో ఏ దొంగతనం జరిగినా పోలీసులు మా ఇంటికే వస్తున్నారు. దీన్ని ఆపవచ్చా?
– ఒక యువకుడు, బాపట్ల జిల్లా

జవాబు: మీ జిల్లాలోనే ఉన్న స్టువర్టుపురం చరిత్ర మీకు తెలిసే ఉంటుంది. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రవేసిన 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం నీడలో ఎరుకల కుటుంబాలను అక్కడ సెటిల్‌మెంట్‌గా ఉంచారు. ఆ చట్టం 1952లో రద్దయినా, అలవాటు నేరస్తుల చట్టాలు, స్టేషన్‌లోని షీట్లు దాని పనిని కొనసాగించాయి. బ్యాంకు ముంచినవారి పిల్లల గురించి ఏ స్టేషన్‌లోనూ షీటు తెరిచిన దాఖలా నేనెన్నడూ వినలేదు. 2024 మేలో సుప్రీంకోర్టు, వెనుకబడిన, సంచార వర్గాలవారి పేర్లను యాంత్రికంగా హిస్టరీ షీట్లలో ఎక్కించకూడదని, ఆ విషయంలో అన్ని రాష్ట్రాలూ తమ విధానాలను సరిచూసుకోవాలని సూచించింది. షీటును మూసివేయమని కారణాలతో జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోండి. స్పందన లేకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు.

ప్రశ్న: మా తమ్ముడికి దొంగతనం కేసులో బెయిలు మంజూరై నెల దాటింది. ఇద్దరు జామీనుదారులు దొరకక ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: ఆలస్యం చేయకండి. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీకి పది వేల రూపాయల జామీను అడిగి, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించిన ఉదంతంలో, 1978లోనే సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని తీవ్రంగా తప్పుపట్టి సొంత పూచీకత్తు మీద విడుదల చేయమన్నారు. 2023 జనవరి 31న ఇచ్చిన ఆదేశాల్లో, బెయిలు వచ్చిన నెలలోగా జామీను సమర్పించలేకపోతే షరతులు సడలించే విషయాన్ని కోర్టు తనంతట తాను పరిశీలించవచ్చని, స్థానిక జామీనుదారులే కావాలని పట్టుబట్టడం విడుదలకు అడ్డంకి అవుతున్నదని సుప్రీంకోర్టు పేర్కొన్నది. కాబట్టి షరతుల సడలింపు కోరుతూ అదే కోర్టులో పిటిషన్ వేయించండి. న్యాయవాదికి డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. బెయిలు సొమ్ము కట్టలేని పేద విచారణ ఖైదీలకు సాయం అందించే కేంద్ర పథకం కూడా 2023 నుంచి ఉంది, దాన్ని జిల్లా స్థాయి కమిటీ మంజూరు చేస్తుంది. దరఖాస్తుతో పాటు బెయిలు ఉత్తర్వు నకలు, ఎఫ్‌ఐఆర్ నంబరు, మీ తమ్ముడి ఖైదీ నంబరు తీసుకెళ్లండి.